శుక్రవారం పంపిన కాగితం

రెవెన్యూ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు జగిత్యాలలో మా ఇంటికి వస్తుంటారు. పాత రికార్డు గురించో, ఏదో రూలు గురించో ఒక సందేహం అడుగుతారు. టీ తాగి లేచే ముందు మాత్రం తప్పకుండా సమ్మె గురించి అడుగుతారు. "సార్, అన్ని రోజులు ఆఫీసు తాళమే తియ్యలేదట గదా?" అంటారు. వాళ్ళ కళ్ళల్లో మెరుపు చూసి నేనూ హుషారుగా చెబుతాను. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నది, టెంటు ముందు ఆడవాళ్ళు బతుకమ్మ ఆడింది, గొంతు పోయేదాకా నేను మైకులో మాట్లాడింది అన్నీ చెబుతాను. వాళ్ళు సంతోషపడి వెళ్ళిపోతారు.

ఒక్క సంగతి చెప్పను. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఆ పిల్లలు కూడా రేపు ఏదో ఒక టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళే కాబట్టి, వాళ్ళ కోసం ఇప్పుడు రాస్తున్నాను.

నేను సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాణ్ణి. ఉద్యోగమంతా సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల చుట్టూనే తిరిగింది. ఇది ఏ ఆఫీసులో జరిగిందో రాయను. తప్పు నాది, ఆఫీసుకు అంటగట్టడం న్యాయం కాదు. అప్పుడు నేను తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యేసరికి ఆ ఊరి ఉద్యోగుల కమిటీకి కన్వీనర్‌ని కూడా అయ్యాను.

మా వైపు ఏ గల్లీకి పోయినా గల్ఫ్‌లో ఒక మనిషి లేని ఇల్లు కనబడడం కష్టం. అందుకని మా ఆఫీసుకు భూముల కాగితాలతో పాటు అక్కడి కాగితాలూ వచ్చేవి. జైల్లో ఉన్నాడని ఒకటి, శవం పంపాలంటే వారసులెవరో రాసివ్వమని ఒకటి. వాటిల్లో అరబ్బీ అక్షరం కనబడితే చాలు, నేరుగా మా టైపిస్టు టేబుల్ మీదికి పోయేది. ఆయన ఉర్దూ ఇంటివాడు. చిన్నప్పుడు మదర్సాలో అరబ్బీ చదవడం నేర్చుకున్నాడు. గల్ఫ్ కాగితాలు చదివీ చదివీ అక్కడి ఆఫీసుల భాష కూడా పట్టుబడింది. ఆయన టేబుల్‌ని మేము 'ఎంబసీ' అని ఆటపట్టించేవాళ్ళం. నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద. నన్ను 'తమ్మీ' అని పిలిచేవాడు, నేను 'భాయ్‌సాబ్' అనేవాణ్ణి.

సమ్మె మొదలైన రెండో వారంలో ఒక పొద్దున, ఆఫీసు వెనక తలుపు తీసి ఉందని ఎవరో వచ్చి చెప్పారు. వెళ్ళి చూస్తే భాయ్‌సాబ్ టైపు మిషను ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. అతని అల్లుడు గల్ఫ్‌లో చనిపోయాడు. శవం పంపడానికి ఇక్కడి నుంచి ఒక కాగితం కావాలి.

"అరగంట పని తమ్మీ. పీనుగు ఫ్రిజ్‌ల ఉన్నది," అన్నాడు భాయ్‌సాబ్.

ఆయన్ని అక్కడే వదిలేసి ఉంటే సరిపోయేది. నేను వదలలేదు. టైపు ఆపించి, మా సమ్మె టెంటుకు తీసుకుపోయాను. మైకు ముందు నిలబెట్టాను. నలుగురిలో ఒకడు మెత్తబడితే నలభై మంది మెత్తబడతారని, ఈసారి రాకపోతే తెలంగాణ ఇక రాదని, ఒక ఉపన్యాసమే ఇచ్చాను. అవి ఉత్త మాటలు కావు, నమ్మే అన్నాను. ఆయన మైకు దగ్గరికి వంగి, "తప్పయింది," అన్నాడు. అంతే. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరికి కొట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మరునాడు ఆయన అందరికన్నా ముందే టెంటుకు వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. "టీ తాగుదామా భాయ్‌సాబ్?" అని అడిగాను.

"మీరు తాగుండ్రి సార్," అన్నాడు.

ఆ రోజు నుంచి నేను తమ్మీని కాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కోరుట్ల మనిషి ఒకాయన ఒక గల్ఫ్ దేశంలో కంపెనీ బస్సు నడిపేవాడు. కూలీలను గదుల నుంచి పనికి, పని నుంచి గదులకు చేరవేయడం అతని డ్యూటీ. ఇరవై ఏళ్ళు అక్కడే ఉండడం వల్ల అరబ్బీ గడగడా మాట్లాడేవాడు. సెలవు దొరికితే ఆసుపత్రికో, జైలుకో, మన ఎంబసీకో పోయేవాడు. మా ప్రాంతం వాళ్ళకు అక్కడ ఏ కష్టం వచ్చినా అతని ఫోను మోగేది. అతన్ని నేను చూడలేదు గానీ గొంతు బాగా తెలుసు. ఆఫీసుకు ఫోను చేసి భాయ్‌సాబ్‌తోనూ నాతోనూ మాట్లాడుతుండేవాడు.

సమ్మె రోజుల్లో నా సెల్‌కు చేశాడు. "సార్, మేము ఈడ జెండ పట్టుకోవద్దు. పట్టుకుంటే విమానం ఎక్కిచ్చి పంపుతరు. గందుకే అందరం ఒక్క గదిల కూసొని, తలుపు పెట్టుకొని, తెలంగాణ పాటలు పాడుకున్నం. మా పేరు మీద గా మాట టెంటుల చెప్పుండ్రి," అన్నాడు. నేను మైకులో చెప్పాను. మన చెమట సముద్రం అవతల కూడా మనతోనే ఉందన్నాను. టెంటు హోరెత్తిపోయింది.

అదే ఫోనులో అతను ఇంకో మాట కూడా అన్నాడు. ఆ దేశం కాగితాలు లేకుండా ఉంటున్నవాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది. గడువు లోపల వెళ్ళిపోతే జైలు లేదు, జరిమానా లేదు. గడువు దాటితే దొరికినవాణ్ణి దొరికినట్టే లోపల వేస్తారు. మా ఆఫీసు కింది ఒక పల్లె మనిషి అక్కడ చిక్కుబడి ఉన్నాడు. గోడలకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ. పాస్‌పోర్టు మొదటి యజమాని దగ్గరే ఉండిపోయింది, కనీసం జిరాక్సు లేదు. ఇతను ఫలానా ఊరివాడే అని తహసీల్దారు రాసి పంపితే, మన ఎంబసీ తిరుగు ప్రయాణానికి తాత్కాలిక కాగితం ఇస్తుంది. దాన్ని చూపిస్తే అక్కడి ఇమిగ్రేషన్ కౌంటర్లో ముద్ర వేస్తారు.

"ఎంబసీ లెటర్ మీ ఆఫీసుకు ఎప్పుడో వచ్చి ఉండాలె సార్. ఆయనకు షుగరు బాగ ఎక్కువున్నది. కండ్లు మసకలైతున్నయి. ఈడ దవాఖానకు పోతే కార్డు అడుగుతరు, ఆయన దగ్గర లేదు. కౌంటర్ల కూసునే అరబ్బు ఆఫీసరు నాకు ఎరుకే. మా ఊరి ఆఫీసు కాగితం పంపుతదని ఆయనకు మాటిచ్చిన," అన్నాడు.

"చూస్తా," అన్నాను.

ఆ లెటర్ వచ్చిందని నాకు తెలుసు. సమ్మెకు ముందు రోజు సాయంత్రం నా టేబుల్ మీదికే వచ్చింది. రేపు చూద్దామని సొరుగులో పడేశాను. రేపటి నుంచి తాళం పడింది.

నీళ్ళు, ఆసుపత్రి లాంటివాటికి కమిటీ మినహాయింపు ఇచ్చేది. అలాంటి మినహాయింపు రాయాలంటే నేనే రాయాలి. అయినా నా చెయ్యి లేవలేదు. పది రోజుల కింద భాయ్‌సాబ్‌ని మైకు ముందు నిలబెట్టినవాణ్ణి, ఇప్పుడు నేనే వెనక తలుపు తీస్తే జనం ఏమంటారు? నిజం చెప్పాలంటే జనం కాదు, చివరి వరసలో కూర్చున్న ఆ ఒక్క మనిషి నా వైపు ఎలా చూస్తాడోనన్నదే నా భయం.

ఆ మేస్త్రీ భార్య టెంటుకు వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. బస్సులు కూడా సమ్మెలో ఉన్నాయి కాబట్టి కొంత దూరం ఆటోలో, కొంత దూరం నడిచి వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు సమ్మె అయిపోగానే చేస్తామని చెప్పి పంపాను. రెండోసారి వచ్చినప్పుడు తహసీల్దారు గారు ఊళ్ళో లేరని చెప్పాను. అది అబద్ధం. ఆయన తన అద్దె ఇంట్లోనే ఉన్నాడు. "మీరు రిపోర్టు రాసి తెస్తే సంతకం పెడతాను. కమిటీకి అభ్యంతరం లేదంటే నాకూ లేదు," అని నాతో చెప్పి కూడా ఉన్నాడు.

మూడోసారి ఆమె గురువారం పొద్దున వచ్చింది. గడువు శనివారంతో ముగుస్తుందని ఆమెకు ఫోనులో చెప్పారు. ఆ రోజు టెంటు దగ్గర పెద్ద వంటావార్పు. జిల్లా నుంచి నాయకులు వస్తున్నారు. నేను కుర్చీలు సర్దిస్తూ తిరుగుతున్నాను. ఆమె నా వెనకే నడిచింది. ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. నేను ఆగినప్పుడు అడిగింది.

"సారు, ఒక్కటి అడుగుత. గీ కాగితం మీద సంతకం పెడితే తెలంగాణ ఆగుతదా?"

పక్కనే ఉన్న మా వాళ్ళిద్దరు తల దించుకున్నారు. 

"అట్ల కాదమ్మా. గడువు శనివారం దాకా ఉంది గదా. రేపు పొద్దున్నే పంపిస్తా. నా మాట నమ్ము," అన్నాను.

"నమ్ముత. నమ్మక ఏం జేద్దు," అని వెళ్ళిపోయింది.

ఆ సమయంలో భాయ్‌సాబ్ పది అడుగుల దూరంలో కూరగాయలు తరుగుతున్నాడు. మా మాటలు ఆయనకు వినబడలేదు. నేను ఆయన్ని పిలవలేదు. సమ్మెకు ముందైతే ఇలాంటి కాగితం విషయంలో ఆయన్ని అడగకుండా ఒక్క అడుగు కూడా వేసేవాణ్ణి కాదు.

శుక్రవారం తెల్లవారగానే నేనే వెళ్ళాను. అటెండర్‌ను బతిమాలి వెనక తలుపు తీయించాను. టైపు చేయడం రాదు కాబట్టి రిపోర్టు చేత్తోనే రాశాను. ఆ పల్లె రెవెన్యూ సహాయకుణ్ణి సైకిల్ మీద పిలిపించి వాంగ్మూలం తీసుకున్నాను. తహసీల్దారు గారి ఇంటికి పోయి సంతకం పెట్టించాను. సీలు వేశాను. కలెక్టరేటు మూసి ఉంది కాబట్టి ఎంబసీకి నేరుగా ఫ్యాక్స్ పంపినా తీసుకుంటామని అక్కడివాళ్ళు ముందే ఒప్పుకున్నారు. అది కూడా ఆ బస్సు డ్రైవరు మాట్లాడి ఒప్పించిందే. నెట్ సెంటర్‌లో ఫ్యాక్స్ పంపి, కాగితం పూర్తిగా లోపలికి పోయేదాకా నిలబడి చూశాను. పదకొండు దాటింది.  నా మీద నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. సమ్మె చెడలేదు, మనిషికి సాయమూ అందిందనుకున్నాను.

బస్సు డ్రైవరుకు ఫోను చేశాను. "పంపించాను. ఒక రోజు ముందే," అన్నాను.



"సార్, ఇయ్యాల జుమ్మా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఈడ శుక్రవారం, శనివారం ఆఫీసులు బందు సార్. కౌంటరు నిన్న మధ్యాహ్నమే మూసిండ్రు. నిన్న మూసేదాక నేను ఆడనే నిలవడ్డ. మా ఊరి కాగితం వస్తుందని ఆఫీసరు కూడ ఒక గంట ఎక్కువ కూసున్నడు."

ఫోను పెట్టేశాక నెట్ సెంటర్ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆదివారం సెలవుతో పెరిగినవాణ్ణి. పాతికేళ్ళు గల్ఫ్ కాగితాల మీద ముద్రలు వేశాను గానీ అక్కడ వారం ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో నాకు తట్టనే లేదు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక భాయ్‌సాబ్ ఇంటికి వెళ్ళాను. అప్పుడే వచ్చి టోపీ తీసి కొక్కేనికి తగిలిస్తున్నాడు. చెప్పాను. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"నన్ను అడిగితే చెప్పేటోన్ని గద సార్. గురువారం దాటితే ఆడ పని గాదని నాకు తెల్వదా?"

"అడగాల్సింది," అన్నాను.

"నేనే అచ్చి చెప్తుంటి. ఆమె మీ దగ్గరికి వస్తున్నదని చూసిన. కానీ సార్, ఇంకోసారి మైకు దగ్గర నిలబడే తాకత్ నాకు లేకుండె."

కోపంగా అనలేదు. అందుకే అది ఇంకా నాలో ఉండిపోయింది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఆదివారం బస్సు డ్రైవరు ఆ కాగితం తీసుకుని కౌంటరుకు పోయాడు. ఆ ఆఫీసరు చూసి, గడువు అయిపోయిందని వెనక్కి ఇచ్చేశాడు. మేస్త్రీ కొన్నాళ్ళు ఎవరెవరి గదుల్లోనో తలదాచుకున్నాడు. తనిఖీల్లో దొరికాడు. ఏడాదికి పైగా లోపల ఉన్నాడు. మందులు కొన్నాళ్ళు ఇచ్చారు, కొన్నాళ్ళు ఇవ్వలేదు. మళ్ళీ అదే బస్సు డ్రైవరు తిరిగి తిరిగి అతన్ని విమానం ఎక్కించాడు. దిగేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుతురు, నీడ మాత్రమే తెలిసేవి. ముందే వస్తే ఆ కన్నైనా దక్కేదని కరీంనగర్ డాక్టరు అన్నాడట.

తెలంగాణ వచ్చింది. రాత్రంతా రోడ్ల మీదే ఉన్నాం. నాకు శాలువా కప్పారు. ఉద్యమకారుడు అన్నారు. ఆ మాట అబద్ధమని నేను అనను. ఆ ఉద్యమం తప్పని కూడా అనను. ఆ రోజు ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే తెలంగాణ ఒక్క గంట కూడా ఆలస్యమయ్యేది కాదు. ఇంత చిన్న లెక్క అప్పుడు నాకు తోచలేదు.

భాయ్‌సాబ్ రిటైరైన రోజు సన్మాన సభలో మాట్లాడమని నాకు మైకు ఇచ్చారు. ఆ మైకులోనే క్షమాపణ అడగాలనుకున్నాను. ఆయన టైపింగ్ వేగాన్నీ, సమయపాలననూ పొగిడి కూర్చున్నాను. ఇప్పుడు ఆయన లేడు.

బస్సు డ్రైవరు అక్కడి ఉద్యోగం ముగించుకుని కోరుట్ల వచ్చాడని తెలిసి వెళ్ళి కలిశాను. గొంతును బట్టి పెద్ద మనిషిని ఊహించుకున్నాను. చూస్తే బక్కపలచగా, నెరిసిన మీసంతో ఉన్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను గడప మీద కూర్చున్నాడు. అప్పటి సంగతి నేనే ఎత్తాను.

"మిమ్మల్ని అనేదేం లేదు సార్," అన్నాడు.  "కాని ఒక్కటి. ఆడ మాకు ఏ హోదా లేదు. మంత్రులు వస్తరు, చేతులు కలుపుతరు, పోతరు. కౌంటరు కాడ మన మనిషికి ముద్ర పడాల్నంటే మాట మీదనే పడాలె. నేను మాటిస్తే గా ఆఫీసరు ముద్ర కొట్టేటోడు. తెలంగాణోళ్ళు చెప్పింది చేస్తరని తన పక్క కుర్చీల ఆయనకు కూడ చెప్పేటోడు. గా వారం తర్వాత నన్ను లైన్ల నిలవడుమన్నడు. మీ ఊరి ఆఫీసే నీ మాట వినకపోతే నేనెందుకు వినాలె అన్నడు. తప్పేమున్నది సార్ ఆయనది?"

ఒక్క మనిషికే కీడు చేశానని అన్నాళ్ళూ అనుకున్నాను. ఆ లైనులో అతని వెనక నిలబడ్డవాళ్ళు ఎందరో నాకు తెలియదు. ఇరవై ఏళ్ళు బస్సు నడుపుతూ ఒక మనిషి రెండు దేశాల మధ్య కూడబెట్టిన నమ్మకాన్ని నేను ఒక వంటావార్పు రోజున పోగొట్టాను.

ఇక ఆ మేస్త్రీ సంగతి. అతను తిరిగి వచ్చిన వారానికే పల్లెకు వెళ్ళాను. అన్నీ చెప్పేద్దామనే వెళ్ళాను. నా గొంతు వినగానే లేచి నిలబడి దండం పెట్టాడు. "సమ్మెల కూడ తాళం తీసి నా కాగితం పంపిన సారు మీరేనట గద. డ్రైవరన్న చెప్పిండు," అన్నాడు. అతని భార్య వాకిట్లో బీడీల చాట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. తల ఎత్తి నన్ను చూసింది. మళ్ళీ బీడీ చుట్టసాగింది. నేను అసలు సంగతి చెప్పకుండా, డాక్టరు సర్టిఫికెట్ తెస్తే పింఛను చేయిస్తానని చెప్పి వచ్చేశాను.

పింఛను చేయించాను. రేషన్ కార్డులో పేరు సరిచేయించాను. పిల్లకు స్కూలు సర్టిఫికెట్ ఇప్పించాను. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా చెబుదామనుకుని, టీ తాగి వచ్చేవాణ్ణి. రిటైరయ్యాక కూడా వెళ్ళడం మానలేదు.

పోయిన ఎండాకాలం చెప్పాను. ఇద్దరం వాకిట్లో వేపచెట్టు కింద కూర్చున్నాం. లెటర్ నా సొరుగులో ఉండడం, ఊళ్ళోనే ఉన్న తహసీల్దారు లేడని నేను అబద్ధం చెప్పడం, టైపిస్టును అడగకపోవడం, గురువారం, శుక్రవారం, అన్నీ వరసగా చెప్పాను. అతను ముఖం నా గొంతు వైపు తిప్పి విన్నాడు.

"నాకు ఎరుకే సార్," అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"వచ్చిన నాడే మా ఆమె చెప్పింది. మూడుసార్లు వచ్చింది ఆమెనే గద. కాగితం పంపిన సారు అని నేను అన్నది, మీరు చెప్తరేమోనని. మీరు వచ్చి పోయినప్పుడల్లా అడుగుతది. ఇయ్యాల చెప్పిండా అని."

 అతను ఇంటి వైపు తిరిగి కొంచెం గొంతు పెంచాడు.

"చెప్పిండే," అన్నాడు.

 కొంతసేపటికి ఆమె గడప దాటి బయటికి వచ్చింది. అన్నేళ్ళలో మొదటిసారి నాతో మాట్లాడింది.

"పొద్దుగూకింది. బువ్వ తిని పో సారు," అంది.

తిన్నాను.